అతుకు లేని జపం

మా అత్త కంటే ముందు ఆమె గొంతు ఇంటికి వచ్చేది. వీధి మొదట్లో ఎవరినో ఆపి "ఏం వదినా, మోకాలు ఎలా ఉంది?" అని పలకరిస్తే, ఇక్కడ నేను పొయ్యి వెలిగించి టీకి నీళ్లు పెట్టేదాన్ని. వదిన మోకాలు, వదిన కొడుకు, కొడుకు ఉద్యోగం ఒక్కొక్కటే దగ్గరవుతూ వచ్చేవి. ఆమె గుమ్మం దాటేసరికి టీ సరిగ్గా మరిగి ఉండేది. అత్త పోయి మూడు నెలలైంది. టీ ఎప్పుడు దించాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. "మీ అత్త చిన్నప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల" అని నాన్న చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఆమెకు నాలుకనిచ్చింది పిండిమర. మామయ్య పెళ్లయిన ఆరో ఏట పోతూ పోతూ ఆమెకు వదిలిపెట్టిన ఆస్తి అదొక్కటే. గుడి పక్క సందులో పొడుగాటి గది. నేలకు బిగించిన మోటారు, దాన్నుంచి మర చక్రానికి బెల్టు, పైన గింజలు పోసే తొట్టి, కింద పిండి దిగే గుడ్డ గొట్టం. బెల్టు తిరగడం మొదలైతే గోడకు తగిలించిన మరియమాత పటం కూడా వణికేది. ఆ మోతలో "సన్నగా పట్టాలా, బరకగానా?" అని అడగాలంటే కడుపులోంచి కేక తీయాలి. మొదటి రెండేళ్లు అత్త గొంతు బొంగురుపోయింది. మూడో ఏటికి మరతో సమానమైంది. అయిదో ఏటికి మరే ఓడిపోయింది. ఆ తర్వాత కరెంటు లేనప్పుడు కూడా ఆమె అదే కేకతో మాట్లాడేది. ఎదుటివాళ్లు ఒక అడుగు వెనక్కి వేసి జవాబు చెప్పేవాళ్లు.

మర ఆమెకిచ్చిన రెండో వస్తువు కనుబొమలు. ఎన్నిసార్లు కడిగినా వాటిలోంచి పిండి పూర్తిగా పోయేది కాదు. ఆదివారం పూజకు తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చినా, ముందు వరసలో రెండు తెల్లటి కనుబొమలు పీఠం మీది కొవ్వొత్తులతో పోటీ పడేవి.

ఆ గొంతుకు గుడిలో ఉద్యోగం ఇప్పించింది మా పెద్ద ఫాదర్ గారి చెవుడు.

పెద్ద ఫాదర్ గారు మా విచారణకు, అంటే మా గుడికీ దాని కింది ఊరికీ, వచ్చేసరికే ముసలివారు. మనిషి వెన్నపూస. "చెవులు మాత్రం ఆయన కంటే ముందే పరలోకానికి వెళ్లి కూర్చున్నాయి" అనేది దర్జీ వదిన. ఈవిడ గుడికి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. అత్తకు వదిన వరస. నోటికీ కత్తెరకూ తేడా తెలియని రకం. పూజలో ఆయన చెవుడుతో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన చెబుతారు, మేం వింటాం. చిక్కంతా శనివారం సాయంత్రం పాపసంకీర్తనం దగ్గర. అక్కడ మేం చెప్పాలి, ఆయన వినాలి.

గుడి ఎడమ గోడకు ఆనించి ఒక కొయ్య గూడు ఉండేది. అవతల ఫాదర్, మధ్యలో జాలీ పలక, ఇవతల మోకరిల్లిన మనిషి. మనిషి తన పాపాన్ని గుసగుసగా మొదలుపెట్టేవాడు. లోపలినుంచి "ఏంటి నాయనా? గట్టిగా!" అని వచ్చేది. కాస్త పెంచేవాడు. "ఇంకా గట్టిగా! దేవుడికి వినపడింది, నాకు వినపడలేదు." చివరికి ఫాదర్ గారికి ఎంత వినపడిందో తెలియదు గానీ, వంతు కోసం బెంచీ మీద కూర్చున్న పదిహేను మందికీ పొల్లు పోకుండా వినపడేది. పాలలో నీళ్ల సంగతి పాలమనిషి నోటినుంచి ఊరు విన్నది అలాగే. అది ఊరికి ముందే తెలుసు గనక గొడవ కాలేదు. గొడవ కాబోయింది మాత్రం ఒక కొత్త కోడలు తన అత్తగారి మీద పెట్టుకున్న కోపం గురించి చెప్పుకున్నప్పుడు. తర్వాతి వంతు అత్తగారిదే. బెంచీ మీద మెడ సాచి కూర్చుంది.

ఆ రోజు మా అత్త బెంచీ చివర ఉంది. కోడలు "మా అత్తగారు కూరలో" అని ఎత్తుకోగానే అత్త జపమాల తీసి, మరలోని గొంతుతో, మరియమాతకు చెప్పే మంగళవార్త జపం అందుకుంది. బెంచీ మొత్తం అదిరిపడి వెంట అందుకుంది. కూరలో ఏం జరిగిందో ఆ హోరులో కొట్టుకుపోయింది. ఆ కాపురం నిలబడింది.

మర్నాడు గుడి పనులు చూసే ఉపదేశి మరకు వచ్చాడు. "అమ్మా, ఇకనుంచి శనివారాలు నువ్వు బెంచీ మొదట్లో కూర్చోవాలి. గూడు పక్కనే."

"ఎందుకూ?"

"ఎందుకో నీకు తెలుసు. పుణ్యం ఉంటుంది, కూర్చో."

అలా ఇరవై రెండేళ్లు కూర్చుంది.

ఆ పనిని కూడా అత్త మర పనిలాగే శ్రద్ధగా నేర్చుకుంది. జపంలో మొదటి సగం నడిపించేవాళ్లది, రెండో సగం అందరిదీ. ఆ రెంటి మధ్య ఊపిరి తీసుకునే సందు ఒకటి ఉంటుంది. ఎంత గట్టిగా జపించినా ఆ సందులోంచి ఒక్క మాట జారి బయటపడుతుంది. జారిన ఆ ఒక్క మాటా ఎప్పుడూ అసలు మాటే. అత్త ఈ సంగతి రెండు వారాల్లో కనిపెట్టి, పిండికి వచ్చినవాళ్లను మర ముందు వరసగా నిలబెట్టి నేర్పింది. "నా సగం అయ్యేదాకా ఆగకండర్రా. నా చివరి మాట మీద మీ మొదటి మాట ఎక్కించండి. మీ చివరి మాట మీద నేనెక్కుతా. అతుకు కనపడకూడదు." ఇప్పటికీ మా విచారణలో జపమాల అలాగే చెబుతారు. బయటినుంచి వచ్చిన ఫాదర్లు "ఏమిటీ తొందర, రైలు పోతోందా?" అని అడుగుతారు. మేం తల దించుకుంటాం.

ఎప్పుడు ఎంత గట్టిగా చెప్పాలన్నదానికి అత్తకొక పద్ధతి ఉండేది. ఫాదర్ గారు "గట్టిగా" అని ఒకసారి అంటే మామూలు గొంతు. రెండుసార్లంటే మర గొంతు. మూడోసారి కూడా అంటే లేచి నిలబడి చెప్పేది. ఇంత చేశాక లోపల పడే ప్రాయశ్చిత్తం మాత్రం అందరికీ ఒకటే, మూడు మంగళవార్త జపాలు. కోడిని ఎత్తుకెళ్లినా మూడే, కొంప ముంచినా మూడే. ఊరు ఆయన్ను ప్రాణంగా చూసుకుంది.

అత్త తన పాపసంకీర్తనం అందరూ వెళ్లిపోయాక చేసుకునేది. ఆమెకు కాపలా జపం ఎవరు చెబుతారు? ఆమె నోరు తెరవగానే వాసాల మీది పిచ్చుకలు కిటికీలోంచి బయటికి పోయేవి. "నాకు సరిగ్గా వినపడేలా పాపం చెప్పేది నువ్వొక్కదానివే తల్లీ" అని ఫాదర్ గారు మెచ్చుకునేవారట. ఆ మెప్పు అత్త జీవితాంతం చెప్పుకుంది.

ఇక్కడిదాకా తప్పేం లేదు. తప్పు ఎక్కడ మొదలైందంటే, ఊరు తనలో తాను ఒక మాట అనుకుంది. గూడుకు మూరెడు దూరంలో కూర్చునే మనిషికి అన్నీ వినపడకుండా ఉంటాయా? నిజానికి బెంచీ మొత్తం మీద ఏమీ వినపడనిది అత్తకే. అందరికంటే గట్టిగా అరిచే మనిషి చెవుల నిండా తన గొంతే ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టని దానివల్ల అత్త రొట్టె విరిగి నేతిలో పడింది.

కుళాయి దగ్గర అత్త బిందె కనపడగానే వరస పక్కకు జరిగేది. బస్సులో మగవాళ్లు లేచి సీటిచ్చేవాళ్లు. ప్రతి మరలోనూ పిండి తగ్గిందని గొడవ జరుగుతుంది, మా మరలో ఎన్నడూ జరగలేదు. ఎవరైనా నోరు తెరవబోతే అత్త ఒక తెల్ల కనుబొమ పైకి లేపి, "నేనేం వినలేదమ్మా" అనేది. అది పచ్చి నిజం. కానీ ఆ కనుబొమతో కలిపి వింటే దాన్ని మించిన బెదిరింపు లేదు. ఒకసారి దర్జీ వదినతో "నాకేం తెలీదు వదినా, నేనేం వినలేదు" అంటే, ఆవిడ చేతిలో ఉన్న పెళ్లికూతురి రవిక పక్కన పడేసి ముందు అత్త రవిక కుట్టిచ్చింది.

"అత్తా, నిజంగా ఏమీ వినపడదా?" అని నేను ఇంట్లో అడిగాను.

"మర తిరుగుతుంటే పక్కింట్లో పెళ్లయినా నాకు తెలీదు. ఇదీ అంతే."

"మరి వాళ్లకి చెప్పొచ్చుగా?"

"చెప్తూనే ఉన్నానుగా! రోజూ వినలేదు వినలేదు అంటూనే ఉన్నా. నమ్మకపోతే నా తప్పా?" అని పడీ పడీ నవ్వేది. నేనూ నవ్వాను. అది కూడా రాయాలి.

పెద్ద ఫాదర్ గారు ఒక మధ్యాహ్నం వరండాలో కుర్చీలోనే నిద్రపోయి లేవలేదు. ఊరంతా ఏడ్చింది. ఆయన స్థానంలో వచ్చిన చిన్న ఫాదర్‌కు ముప్పై దాటలేదు. చురుకైనవాడు. మొదటి శనివారం సాయంత్రం అత్త జపమాల తీసి గొంతు సవరించుకోగానే గూడులోంచి తల బయటపెట్టి, "అమ్మా, ఇక్కడ మౌనం పాటించాలి. నాకు చీమ నడిచినా వినపడుతుంది" అన్నాడు.

ఊరి గుండె జారిపోయింది. చీమ నడకే వినేవాడు మన పాపాన్ని ఆసాంతం వింటాడు. పైగా మాటకు మాట అడుగుతాడు, "ఎన్నిసార్లు?" అంటాడు. తర్వాతి శనివారం బెంచీ మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు అత్త, కాళ్లు అలవాటుగా తీసుకొచ్చాయి. రెండోది దర్జీ వదిన, బయట వాన పడుతోందని లోపలికి వచ్చింది. ఉపదేశి వెళ్లి, "ఫాదర్, మీరు చెవుల్లో కాస్త దూది..." అని నసిగితే చిన్న ఫాదర్ అర్థంకాక జలుబు మాత్ర ఇచ్చి పంపాడు. జనం మెల్లమెల్లగా మళ్లీ రావడం మొదలుపెట్టారు గానీ ఇప్పుడంతా గుసగుసలే. అత్తకు పని లేకుండా పోయింది.

"ఇరవై రెండేళ్ల ఉద్యోగమే! తీసేసేముందు ఒక్క మాట అనలేదు" అని ఆమె వంటింట్లో నిష్ఠూరమాడింది. అది నాకు వినపడింది, వీధికి వినపడింది, మౌనం పాటిస్తున్న ఫాదర్ గారికీ వినపడే ఉంటుంది.

ఆ ఏడాది ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్కాలంలోనే వడ్రంగి పెద్దాయనకు జబ్బు చేసింది.

గుడి బెంచీలన్నీ ఆయన చేతివే. మాటకు పొదుపు. అత్త ఆయన్ను "అన్నా" అనేది, ఆయన "చెల్లెమ్మా" అనేవాడు. అదీ తొమ్మిదేళ్ల కిందటి మాట. తొమ్మిదేళ్లుగా ఆయన గోధుమల సంచీ సైకిలుకు కట్టుకుని, మా మర ముందునుంచే, తల పక్కకు తిప్పుకుని పక్క ఊరి మరకు వెళ్లేవాడు. అత్తకు అది పుండు మీద కారం. "ఆయనగారికి నా పిండి నున్నగా లేదేమో! చిత్రిక పట్టి ఇవ్వాలేమో!" అని సైకిలు వెనకనుంచి కేకేసేది. ఆదివారాలు ఆయన చివరి బెంచీలో కూర్చునేవాడు, పీఠం దగ్గర పంచే సత్ప్రసాదానికి లేచేవాడు కాదు. ఈ రెండింటినీ కలిపి చూడాలని మాకెవరికీ తోచలేదు.

జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, చావు తప్పి బయటపడ్డాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడని, ఇక సైకిలు తొక్కలేడని తెలిసి, అత్త డబ్బా నిండా పిండి పోసుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన ఇల్లంతా చెక్కపొట్టు వాసన. గోడకు వరసగా రంపాలు, మూల మూడు కాళ్ల మీద నిలబడ్డ సగం కుర్చీ. మమ్మల్ని చూసి మంచం మీద లేచి కూర్చున్నాడు. చూపు మాత్రం ఆ కుర్చీ మీదే పెట్టాడు.

"ఏమన్నా, తొమ్మిదేళ్లు నా మర దాటిపోయావ్. నా పిండిలో రాళ్లున్నాయా?"

"పిండికేం చెల్లెమ్మా."

"మరి?"

ఆయన చేతిమీది గరుకు చర్మం గోటితో గీరుకుంటూ కూర్చున్నాడు. "నీ మొహం చూడలేక."

"నా మొహానికేమైంది?"

"నీకు తెలుసుగా. ఆ శనివారం పెద్ద ఫాదర్ గారు నన్ను నాలుగుసార్లు గట్టిగా చెప్పమన్నారు. నువ్వు లేచి నిలబడి మరీ జపం చెప్పావు. మర్నాడు పిండికొస్తే నన్ను చూసి కనుబొమ ఎగరేశావు."

నాకు జ్ఞానం తెలిశాక అత్త గొంతు తగ్గడం అప్పుడే విన్నాను. "అన్నా, నేనేం వినలేదు."

"నువ్వెప్పుడూ అలాగే అంటావులే. ఎవరికీ చెప్పలేదు, అది నీ మంచితనం. కానీ తెలిసిన మనిషి ఎదురుగా నిలబడలేను. గుళ్లో లేచి ముందుకెళ్దామన్నా ముందు వరసలో నువ్వే ఉంటావు. అందుకే వెనకే ఉండిపోయాను."

"నా మర మీద ఒట్టన్నా! ఒక్క ముక్క వినపడితే నా మర కాలిపోవాలి!"

"మరనెందుకమ్మా తిడతావు" అన్నాడాయన జాలిగా. "నీది మంచి మనసు. పిండి అక్కడ పెట్టు."

దారిలో అత్త చాలాదూరం మాట్లాడలేదు. ఎదురైనవాళ్లు ఆమెకు ఒంట్లో బాగోలేదేమోనని ఆగి చూశారు. ఇంటి మలుపు దగ్గర అంది, "నిజం చెప్తే నమ్మడేంటే?"

"ఇరవై రెండేళ్లు ఆ నిజాన్ని అబద్ధంలాగా వాడావు కదత్తా. అరిగిపోయింది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆ మనిషి ఒక్కసారి నమ్మాలే" అంది. "నమ్మితే ఆ చివరి బెంచీలోంచి లేస్తాడు. చూశావుగా ఎలా ఉన్నాడో. నా కనుబొమ మోసుకుని ఆయన కాటికి పోతే, నేను రేపు ఏ మొహంతో పోను?" ఆ సాయంత్రం మరలోకి వెళ్లి, గింజ లేకుండానే బెల్టు తిప్పుకుని కూర్చుంది. రాళ్లు అరుగుతాయని తెలిసి కూడా. ఎందుకని నేనడగలేదు. మోత దేనికి పనికొస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ప్రభువు లేచిన పాస్కా పండుగకు ముందు రోజు శనివారం. ఎంత భయమున్నా పండుగ ముందు పాపసంకీర్తనం తప్పదు గనక బెంచీ నిండిపోయింది. వెనక చివరి బెంచీ దగ్గర వడ్రంగి పెద్దాయన చిన్న పనిసంచీతో నేలమీద కూర్చుని ఉన్నాడు. బెంచీ కాలు ఊగుతోందని, కాస్త చూసి పొమ్మని ఉపదేశి చేత కబురు పంపించింది అత్తే. ఆ కాలు కింది చీలను అంతకు ముందు రోజు ఊడబీకింది కూడా అత్తే. ఆమె సంచీలో దాన్ని నేను చూశాను.

గుడిలో చీమ నడిస్తే వినపడేంత మౌనం. వంతు రాకముందే అత్త లేచింది. "వదినా, నన్ను ముందు పోనియ్యి." అలవాటు కొద్దీ అందరూ జరిగారు. ఆమె వెళ్లి మోకరిల్లింది.

"ఫాదర్! నేను పాపిని!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వాసాల మీది పిచ్చుకలకు పాత రోజులు గుర్తొచ్చినట్టున్నాయి, బయటికి పోయాయి.

"అమ్మా, నాకు వినపడుతోంది. మెల్లగా."

"ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పాపం ఒకటుంది ఫాదర్!"

"మెల్లగా చెప్పినా చాలమ్మా—"

"మీ కోసం కాదు ఫాదర్!"

బెంచీ మీద తలలన్నీ ఒకదానివైపు ఒకటి తిరిగాయి. దర్జీ వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపం, అలవాటు తప్పలేకపోతోంది" అంది. "మన గుట్లన్నీ కడుపులో దాచుకున్న మనిషి. దాని గుట్టు బయటపడితే చూస్తూ కూర్చుంటామా? అందుకోండర్రా!" అని జపమాల తీసి ఎత్తుకుంది. చిన్న ఫాదర్ పెట్టిన మౌనం ఒక్క దెబ్బతో గాలికి పోయింది. పదిహేను గొంతులు ఒక్కటై గుడి కప్పు లేచిపోయేలా జపం మొదలైంది.

అత్త గొంతు పెంచింది. వాళ్లూ పెంచారు. "ఆపండర్రా!" అని గూడులోంచి కేక వచ్చింది.

"ఆపమంటోందంటే ఎంత ఘోరమో! ఇంకా గట్టిగా!" అంది దర్జీ వదిన.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరికి వినిపించాలని అత్త ఇంత పాటు పడుతోందో ఆ మనిషి, పరాయి ఆడమనిషి పాపం చెవిన పడకూడదని గోడవైపు తిరిగి, అప్పటికే సరిచేసిన బెంచీకి ఠకఠకా మేకులు కొడుతున్నాడు. ఆయనా మర్యాదస్థుడే.

ఇక గూడులోంచి ఏమీ వినపడలేదు. అయిపోయిందనుకున్నాం. తర్వాత నాకు తెలిసింది, అత్త వింటోందట. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని జపాన్ని వింటోందట. దర్జీ వదినకు వెంట చెప్పడం వచ్చు గానీ నడిపించడం రాదు. నాలుగో జపానికి ఆయాసం వచ్చింది. తన సగం ముగించి ఊపిరి పీల్చుకుంది. అప్పుడే జనం కూడా ఆమె ముగించేదాకా ఆగారు. అతుకు విచ్చుకుంది. వెనక వడ్రంగి పెద్దాయన పెదాల మధ్య ఒక మేకు, పైకెత్తిన సుత్తి.

ఆ సందులో అత్త మాట పెట్టింది.

"ఇరవై రెండేళ్లలో ఎవ్వరి పాపమూ ఒక్క ముక్క నాకు వినపడలేదు ఫాదర్! వినపడినట్టు కనుబొమ ఎగరేశాను! అదే నా పాపం!"

రాతినేల మీద మేకు పడిన చప్పుడు వినపడింది.

మా ఊళ్లో పాపసంకీర్తనంలో అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. పాలమనిషి కూడా అక్కడ నీళ్లు కలపడు. అందుకని ఆ మాట నిజమని గుడిలో ఉన్న ప్రతివాళ్లకూ ఒకేసారి తెలిసిపోయింది. జాలీ అవతలినుంచి చిన్న ఫాదర్ గొంతు వచ్చింది. "మూడు మంగళవార్త జపాలు చెప్పుకో అమ్మా." కాస్త ఆగి, "మెల్లగా" అన్నాడు.

అత్త బయటికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా బెంచీ మొదట్లో, తన పాత చోట కూలబడింది. దర్జీ వదిన పెదాలు కదులుతున్నాయి. ఇరవై రెండేళ్ల బిందెలు, రవికలు వరసగా గుర్తొస్తున్నాయని తెలుస్తూనే ఉంది. అంతలో వెనకనుంచి అడుగుల చప్పుడు. వడ్రంగి పెద్దాయన సుత్తి సంచీలో పెట్టి, బెంచీలు పట్టుకుంటూ నడిచి వచ్చి, వరస చివర నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చి మోకరిల్లగానే అత్త, ఎవరూ అడగకుండానే, జపం అందుకుంది. పాత గొంతుతో, అతుకు లేకుండా. రెండు చెవుల్లో రెండు చూపుడు వేళ్లు దూర్చుకుని మరీ. చిన్న ఫాదర్ ఆపలేదు.

మర్నాడు పాస్కా పూజలో ప్రభువు లేచిన సంగతి చిన్న ఫాదర్ త్వరత్వరగా ముగించి అసలు విషయానికి వచ్చాడు. పాపసంకీర్తనం పొరపాటున చెవిన పడినవాళ్లు కూడా ఫాదర్‌లాగే నోటికి తాళం వేసుకోవాలి అన్నాడు. ఎవరితోనూ అనకూడదు, ఎత్తిపొడవకూడదు, తెలిసినట్టు నడుచుకోకూడదు. చెబుతున్నంతసేపూ బెంచీలన్నిటి మీదా చూపు తిప్పాడు. సత్ప్రసాదానికి చివరి బెంచీలోంచి ఒక మనిషి గోడ పట్టుకుని లేచాడు. ముందు వరసలో రెండు తెల్ల కనుబొమలు నేలకేసి చూస్తూ ఉండిపోయాయి.

పూజయ్యాక దర్జీ వదిన ఉపదేశిని మెట్ల మీద పట్టుకుంది. "కుళాయి దగ్గర ఒకళ్లకి ఇన్నాళ్లూ వంతు ఇచ్చి, ఇప్పుడు మానేస్తే పాపమా?"

"ఎందుకు మానేస్తున్నట్టు?"

"అది చెప్పకూడదు."

"అయితే మానకూడదు."

"ఇదెక్కడి న్యాయం!" అని ఆవిడ గుండెలు బాదుకుంది గానీ మాట తప్పలేదు. అత్త బిందెతో వచ్చి వరస చివర నిలబడితే "ముందుకు పో, నాకు పాపం చుట్టుకునేలా ఉన్నావ్!" అని ముందుకు నెట్టేది. "నాకొద్దు వదినా" అని అత్త వెనక్కి వచ్చేది. వాళ్లిద్దరి మర్యాద తేలేసరికి కుళాయి ఆగిపోయేది. ఆ కట్టుబాటు నాకూ ఉంది. కానీ అత్త పోయే ముందు నాకు సెలవిచ్చింది. "నేను పోయాక రాసుకో. అయితే కనుబొమల సంగతి కాస్త అందంగా రాయి" అంది.

పండుగ మర్నాడు సోమవారం పొద్దున మర ముందు సైకిలు ఆగింది. వడ్రంగి పెద్దాయన దాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. వెనక గోధుమల సంచీ. నేను గుడ్డ గొట్టం పట్టుకుని ఉన్నాను.

"సన్నగా పట్టాలా అన్నా, బరకగానా?"

"నీ ఇష్టం చెల్లెమ్మా." ఆయన సంచీ తొట్టిలోకి వంచాడు. వంచి, అక్కడే నిలబడ్డాడు. "నీకు చెప్పేస్తే నా గుండె తేలికవుతుంది. ఆ రోజు నేను ఫాదర్ గారికి చెప్పిందేంటంటే—"

అత్త చెయ్యి స్విచ్ మీద పడింది. మర అందుకుంది. మరియమాత పటం వణికింది. ఆ మోతలో ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి, చాలాసేపు, చేతులు తిప్పుతూ, ఒకచోట కళ్లు తుడుచుకుంటూ. అత్త ఆయన మొహంలోకే చూస్తూ తల ఊపింది. కనుబొమలు మాత్రం ఇసుమంతైనా కదలనివ్వలేదు. గోధుమలు అయిపోయాక మర ఆపింది. ఆయన మాటా అప్పుడే అయిపోయింది.

"నేనేం వినలేదన్నా."

"తెలుసు" అన్నాడాయన. సంచీ మూతి కట్టుకుని, మొహం తిప్పుకోకుండా వెళ్లాడు.

"ఒక్క ముక్కైనా వినపడిందా అత్తా?" అని ఇంటికొచ్చాక అడిగితే నా మీద విరుచుకుపడింది. "వినపడితే బావుణ్ణు! ఇక చచ్చేదాకా నాకీ బాధ తప్పదు!"

తప్పలేదు. వడ్రంగి పెద్దాయన పోయిన ఏడేళ్లకు, ఆస్పత్రి మంచం మీద, ఫాదర్ వచ్చి నుదుటికి నూనె పూసి కడపటి అభ్యంగనం ఇచ్చి వెళ్లాక, అత్త నన్ను వేలితో దగ్గరికి పిలిచింది. నా చెవి తన నోటి దగ్గరికి లాక్కుని, "ఏం చేసుంటాడే ఆయన?" అంది. అత్త గుసగుసలాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.